కపోతఋణము

శిబిచక్రవర్తి కథ నెఱుఁగని తెలుఁగుగృహ ముండదు. డేగ తఱుముకొని రాఁగా నొక పావురము వచ్చి రాజు నొడిలోఁ బడెను. రాజు దానికి శరణ మిచ్చెను. డేగ వెంటనే వచ్చి, నా యాహారమును నా కిమ్మని యడిగెను. రాజు తన దేహమునుండి మాంసమును గోసి త్రాసులో నుంచెను. ఎంత కోసినను పావురమునకు సరితూఁగకపోఁగాఁ దుదకుఁ దానే త్రాసు నెక్కెను. కథ నింతవఱకుఁ జెప్పి, దానమహిమనుగూర్చి నాలుగు మాటలాడి, పెద్దలు లేచిపోవుట వాడుక. నేనును బెక్కుమాఱు లట్లే చేసితిని. ఒకనాఁటి రాత్రి కొండాపురములో మా యింటి యరుగుమీఁద నీ కథను ముగించి లేవఁబోవుచుండఁగా, ఎనిమిదేండ్ల మనుమరాలు నా పైపంచ పట్టుకొని యడిగినది: "తాతా, పావురాళ్లన్నీ ఒకేసారి వచ్చి ఒళ్లో పడితే రాజు ఒంట్లో మాంసం చాలుతుందా?"

ఇంటిలోనివారు నవ్విరి. నేనును నవ్వితిని. కాని పడుకొన్న పిదప ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఒక ప్రాణికి శరణ మిచ్చుట ధర్మమని మనవారు వేలయేండ్లుగాఁ జెప్పుచున్నారు. ఒక జాతి కంతటికిని శరణ మిచ్చుటయు ధర్మమేనా? ఆ జాతి యెప్పుడో నశించి, మనుష్యుల జ్ఞాపకమునఁ బేరైనను మిగులకున్నచో, దానిని నష్టమని చెప్పుట కర్థ మేమి? శరణ మిచ్చుటయే ధర్మమైన పక్షమున, దాని వెల నెవరు చెల్లింపవలెను? ఈ మూఁడు ప్రశ్నలకును నాకుఁ దోఁచిన సమాధానమును జదువరుల యెదుట నుంచుచున్నాను.

పసిఫికు మహాసముద్రమున ఫిజీ యను ద్వీపసముదాయము కలదు. వానిలో నెల్లఁ బెద్దది విటి లేవు. ఆ ద్వీపమున సున్నపురాతి గుహ లున్నవి. గుహలలోని మట్టి యడుగున దొరికిన యెముకలను బరీక్షించి, న్యూజీలండుకుఁ జెందిన ట్రెవర్ వర్తీ యను శాస్త్రజ్ఞుఁడు 2001 సంవత్సరమున నొక పావురమును లోకమునకుఁ దెలియఁజేసెను. శాస్త్రమునందు దానికి నటునార్నిస్ గిగౌరా యని పేరు. అది మన గుడిగోపురములమీఁదఁ గువకువలాడు పావురమువంటిది కాదు. మారిషసు ద్వీపమునఁ బూర్వముండిన డోడో పక్షికంటెఁ గొంచెము చిన్నది; ఎగురలేనిది; నేలమీఁద నడచి బ్రదికినది. న్యూగినీ యడవులలో నేఁటికిని తలమీఁద నీఁకల కిరీటముతోఁ దిరుగు పెద్ద పావురములు దానికి దగ్గఱి చుట్టములని యెముకల పోలికనుబట్టి నిర్ణయించిరి.

పావుర మెగురలేకపోవుట వింతగాఁ దోఁపవచ్చును. కాని ప్రకృతి లోభి, అక్కఱలేనిదానికి వెచ్చింపదు. ఫిజీదీవులలో గబ్బిలములు తప్ప స్తన్యజంతువులు స్వతస్సిద్ధముగా నుండలేదు. పిల్లి లేదు, నక్క లేదు, కుక్క లేదు, ఎలుకయైనను లేదు. ఱెక్కలను బెంచి పోషించుటకు వలయు బల మంతయు నట్టిచోటఁ దరతరమునకును దేహమునకే చేరెను. ఱెక్కలు చిన్నవాయెను, కాళ్లు బలిసెను. ఇట్లు లక్షలయేండ్లలో నేర్పడిన పక్షి యది. సుమారు 3 వేల యేండ్లక్రిందట పడవలమీఁద మనుష్యు లా దీవులకు వచ్చిరి. వారు నగిషీ చెక్కిన మట్టికుండలను జేయుటలో నేర్పరులు. సముద్రము నెఱిఁగిన ధీరులు. వారి వెంట నెలుకలును వచ్చెను. వారు నిప్పుపెట్టి యడవిని నఱికి చేలు చేసికొనిరి. ఎగురలేని పక్షి మనుష్యున కెదురుగా నిలిచియుండును; నేలమీఁది గ్రుడ్డు నెలుకకు లోఁబడును. పావురజాతి పక్షులు సామాన్యముగా నొకటి రెండు గ్రుడ్లకంటె నెక్కువ పెట్టవు. హవాయి మొదలుకొని న్యూజీలండువఱకు మనుష్యులు చేరిన ద్వీపములలో నెల్ల నిదే వరుస కనఁబడుచున్నది: మనుష్యుఁడు దిగును, కొన్ని తరములలో నేలపక్షులు మాయమగును, తరువాతి కాలమునఁ ద్రవ్వినవానికి నెముకలు దొరకును.

ఆ పావురమును జూచినవారు దాని నేమని పిలిచిరో చెప్పు వ్రాఁత లేదు. దాని కూఁత యెట్టిదో చెప్పువారు లేరు. దాని యీఁకల రంగు నెముకలు చెప్పవు. నాకు మిగిలినది యొక్క లాటినుపేరు, కొన్ని యెముకలు. ఇట్టిదానికొఱకు నేఁడు మనము విచారించుట కేదేని హేతువు కలదా? లోకజ్ఞుఁడగు నొక మిత్రుఁడు నాతో నిట్లు వాదించెను: "లేనిదానికి బాధ లేదు. చచ్చిన పక్షి యేడువదు. పుట్టని పక్షి యడుగదు. చూచినవాఁడు లేఁడు, కోరినవాఁడు లేఁడు. సాక్షి లేని నష్టమును నష్టమనుట కేవలము కవిత్వము." ఈ వాదము పైకి దృఢముగా నున్నది. కాని యిదే త్రాసులో మనుష్యులను బెట్టి తూఁచినచో నెంతదూరము నిలుచునో చూతము.

పావురము నశించిన యా విటి లేవు ద్వీపముననే మన తెలుఁగువారును గొంద ఱున్నారు. ఆంగ్లేయప్రభుత్వము చెఱకుతోఁటల పనికై 1879 మొదలుకొని 1916 వఱకు భరతఖండమునుండి 60 వేలకుఁ బైగా జనమును గూలియొడంబడికమీఁద ఫిజీకిఁ దరలించెను. మద్రాసు రేవునుండి యోడలు పోవుట 1903 లో నారంభమయ్యెను. విశాఖపట్టణము, గోదావరి, కృష్ణ, ఉత్తర ఆర్కాడు మండలములనుండి తెలుఁగువారు వానిలో నెక్కిరి. కఱవు కొందఱను, అప్పు కొందఱను, దళారి మాయమాటలు కొందఱను నడిపించెను. అయిదేండ్ల కట్టుబాటు, కొలిచి యిచ్చిన పని తీఱకున్నఁ గూలి లేదు, కోర్టు శిక్ష కలదు. వారి బిడ్డలును మనుమలును నా దేశమును దమదిగాఁ జేసికొని, 1941 లో దక్షిణ ఇండియా ఆంధ్రసంఘమును స్థాపించుకొని, తెలుఁగును బడులలో నిలుపుకొనుటకుఁ బాటుపడిరి.

ఆ కూలీల బాధను మన దేశమునఁ జాలకాల మెవ్వరు నెఱుఁగరు. చూచినవారు చెప్పలేదు, చెప్పినవారిని వినలేదు. సి. ఎఫ్. ఆండ్రూసు, డబ్ల్యు. డబ్ల్యు. పియర్సను అను నిరువురు 1915 లో నచ్చటికిఁ బోయి చూచి, 1916 లోఁ దమ నివేదికను బ్రకటించిరి. దేశము మేల్కొనెను. ఆ సంవత్సరముతోనే యోడలు నిలిచిపోయెను. 1920 జనవరి 1 వ తేదినాఁడు మిగిలిన యొడంబడిక లన్నియు రద్దయ్యెను. ఇప్పుడు నా మిత్రుని నే నడుగుచున్నాను: ఆ బాధ 1916 లో నివేదిక వెలువడినపుడు పుట్టెనా, అంతకుముందే యుండెనా? అంతకుముందే యుండెనని యతఁడును నొప్పుకొనును. అట్లయిన సాక్షి నష్టమును బుట్టింపఁడు. దాని నెఱిఁగించు నంతియే. మనుష్యులయెడ సత్యమైనది గుహలోని యెముకలయెడ మాత్ర మెందుల కసత్యము కావలెను? కూలీలకుఁ బాసుకాగితమునందుఁ బేరు, తండ్రిపేరు, ఊరు వ్రాయఁబడెను. పావురమున కాపాటి కాగితమైనను లేదు. కాగితము లేమి నష్టమును దగ్గింపదు. మన యెఱుకను దగ్గించును.

రెండవ యాక్షేపము శాస్త్ర మెఱిఁగినవారినుండి వచ్చును. జాతులు పుట్టుట గిట్టుట సృష్టిధర్మమనియు, మనుష్యుఁడు రాకముందును నెన్నియో నశించెననియు వారందురు. సత్యమే. మన సీమలోనే సాక్ష్యములు కలవు. కర్నూలుమండలమున బేతంచెర్ల దాపున బిళ్లసర్గపు గుహలలో రాబర్టు బ్రూసు ఫూటును, అతని కుమారుఁడును 1883 మొదలుకొని త్రవ్వి తీసిన యెముకలలో నేఁ డా చుట్టుప్రక్కల లేని ఖడ్గమృగాదులు కనఁబడెను. 1886 లో రిచర్డు లిడెక్కరు వానిని వర్ణించి, కొన్ని నశించిన జాతులవని నిర్ణయించెను. మా కొండాపురమునకు నుత్తరముననున్న ప్రకాశము జిల్లాలో సుమారు 41 వేల యేండ్లనాఁటి నిప్పుకోడి గూఁడొకటి బయల్పడెనని 2024 లో బరోడా మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. తొమ్మిది మొదలు పదునొకండు గ్రుడ్లవఱకు నుండిన గూఁడది. నేఁడు మేఁకలు మేయు నీ మెట్టనేలలలో నొకప్పుడు నిప్పుకోళ్లు పరుగెత్తెననిన మా యూరివారు నమ్మరు. వానినెల్ల మనుష్యుఁడే చంపెనని నేను జెప్పను. ఎండవానలు మాఱును, గడ్డి మాఱును, జంతువులు మాఱును.

కాని యీ సత్యమునుండి మన నిర్దోషిత్వము తేలదు. జనులందఱు నెన్నఁడో యొకనాఁడు చచ్చువారే. అందుచేత హత్య నేరము కాకపోవునా? వేలయేండ్లలో నొకటి యొకటిగా రాలుట వేఱు. కొన్ని తరములలోఁ జెట్టు మొదలంట నఱకుట వేఱు. ముసలియాకు రాలినచోటఁ జిగురు వచ్చును. నఱకినచోట మొద్దు మిగులును. పరిమాణమును గాలమును విడిచి ధర్మవిచారము లేదు.

ఇఁక మూఁడవ యాక్షేపము బలవత్తరమైనది. తెలియక చేసినదానికి దోష మెట్లు వచ్చును? దీనికిఁ బ్రత్యుత్తరముగా మూఁడు పావురముల కథను జెప్పెదను.

మొదటిది మన ఫిజీ పావురము. దానిని వండుకొని తినినవాఁడు దోషి యని నేను దలంపను. అతఁడు సముద్రముదాఁటి వచ్చి బిడ్డల యాఁకలి తీర్పవలసినవాఁడు. ఒక జాతి సంపూర్ణముగా నశింపఁగలదను తలఁపే యాకాలమున లోకమున లేదు. ఈ కొండలో లేకున్న నా కొండలో నుండు నని యతఁడు తలంచియుండును.

రెండవది డోడో. అదియుఁ బావురమే. డచ్చివారు 1598 లో మారిషసున దిగిరి. అప్పటికి దానికి మనుష్యు లన్న భయమే లేదు. వారు తెచ్చిన పందులును, కోఁతులును, ఓడలనుండి దిగిన యెలుకలును దాని గ్రుడ్లను దినెను. నమ్మఁదగినదిగాఁ బలువు రంగీకరించిన కడపటి దర్శనము 1662 నాఁటిది. నడుమ నున్నవి 64 సంవత్సరములు మాత్రమే. ఒక మనుష్యుని యాయుష్షు. డోడో సూరతువఱకు వచ్చి మొగలాయి చిత్రకారునిచేత చిత్రింపఁబడినది. అన్ని కన్నులు చూచియు, అది పోవుచున్నదని యెవరును గుర్తింపలేదు. తరువాతఁ గొంద ఱట్టి పక్షియే లేదు, నావికుల కట్టుకథ యనిరి. 1865 లో మారిషసులోని మార్ ఓ సోంజ్ అను చిత్తడినేలలో నెముకలు కుప్పలుగా దొరకినపిదప నెవరికిని సందియము మిగులలేదు. దాని దగ్గఱి చుట్టము మన నికోబారు దీవులలో నుండు పావురమని 2002 లో జన్యుపరీక్షవలనఁ దేలెను. ఈ రెండవ పావురముయెడ మనుష్యుని దోషము సగము: కన్ను చూచెను, బుద్ధి చూడలేదు.

మూఁడవది యుత్తర అమెరికాలోని సంచారి పావురము. దీని గుంపు లాకాశమున సూర్యునిఁ గప్పుచుండెను. అవి కోట్లకొలఁది కాదు, నూఱ్లకోట్లని లెక్కించిరి. అప్పటికి జ్ఞానము లేదనుట కవకాశము లేదు. 1796 లోనే పారిసునఁ గువియే యను శాస్త్రజ్ఞుఁడు భూమిలోని పెద్దయేనుఁగు నెముకలు నేఁడు బ్రదికియున్న యేజాతివియుఁ గావని చూపి, జాతులు నశించుట నిజమని స్థాపించెను. డోడో కథ పుస్తకముల కెక్కెను. అయినను 1857 లో ఒహాయో సంస్థానపు శాసనసభలో నీ పావురమును రక్షింపవలెనను మాట వచ్చినపుడు, దానిని విచారించిన సంఘము, ఇంత విస్తారముగా నున్నదానికి రక్షణ మక్కఱలేదని తేల్చెను. తంతి గుంపెక్కడ వాలినదో తెలిపెను. రైలు వేఁటకాండ్రను దెచ్చి మాంసమును గొనిపోయెను. 1914 సెప్టెంబరు 1 వ తేదినాఁడు సిన్సినాటి జంతుశాలలో మార్తా యను పేరుగల యొంటిపావురము చచ్చెను. దానితో నా జాతి ముగిసెను. ఇక్కడ నాఁకలి యనుటకు వీలులేదు, తెలియదనుటకును వీలులేదు. ఇది సంపూర్ణమైన దోషము.

మొదటి కథలో లేమి, రెండవదాన నేమఱుపాటు, మూఁడవదాన లోభము. జ్ఞానము పెరిగినకొలఁదిని ఋణము పెరుగుచున్నది. ఫిజీ పావురపు టెముకల ప్రయోజనము నాకుఁ దోఁచినంతలో నిదియే: అవి మనకు శాపము పెట్టుటకుఁ గాదు, తెలియదను సాకును మననుండి తీసికొనుటకు వెలికి వచ్చినవి. తాత తెలియక చేసిన యప్పుకు మనుమఁడు చెఱసాలకుఁ బోనక్కఱలేదు. కాని పత్రము చేతికి వచ్చినపిదపను దానిని మడిచి పెట్టెలోఁ బెట్టుకొన్నచో నతఁడు నిర్దోషి కాఁడు.

ఈ విచారము దూరదేశములతో ముగియునని తలంపరాదు. మా యుదయగిరి ప్రాంతమునుండి పడమటికిఁ జూచినచో వెలిగొండలు నీలముగాఁ గనఁబడును. నెల్లూరున వైద్యాధికారిగా నుండిన టి. సి. జెర్డాను అను నాంగ్లేయుఁడు నెల్లూరునకుఁ బడమటనున్న కొండలమీఁది సీమనుండియు, కడపసీమనుండియు నొక వింతపక్షిని సేకరించెను. 1848 లో ఎడ్వర్డు బ్లైత్ దానిని శాస్త్రమున వర్ణించెను. రొమ్మున రెండు పట్టెలు, పొడుగుకాళ్లు, పెద్దకన్నులు. రాత్రులందు మాత్రమే పొదలనడుమఁ బరుగిడునది. కలివిపొదలలో నుండుటచే దానికి కలివికోడి యని పేరు. 1900 లో ననంతపురము దాపునఁ గనఁబడినపిదప ననేక సంవత్సరములు దాని జాడ లేదు. పండితులు దానిని నశించినవానిలోఁ జేర్చిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతిచరిత్రసంఘమునకుఁ జెందిన భరత్ భూషణ్ కృషివలనఁ గడపజిల్లాలో నది మరలఁ గనఁబడెను. నశించెననుకొన్న యొక జాతి మన పెన్నాలోయలో బ్రదికియే యుండెను. ఫిజీ పావురమునకుఁ గలుగని భాగ్యము దీనికిఁ గలిగెను.

ఈ కథలో రెండు విషయములు గమనింపఁదగినవి. దాని నెఱిఁగినవారు పుస్తకములు చదివినవారు గారు. రాత్రివేళ దీపముతో నడవిలోఁ దిరుగు స్థానికులైన వేఁటకాండ్రు. పండితుఁడు నశించెనని వ్రాసికొన్న దినములలోను వారిలోఁ గొంద ఱా పక్షిని జూచుచునే యుండిరి. మొదటఁ బట్టువడిన పక్షి కొన్ని దినములకే చచ్చెను. మన ప్రేమయును గొన్నిసారులు చంపును. కావున జ్ఞానముతోడి వినయము లేని జీవకారుణ్యము చాలదు.

తరువాత 1988 లో లంకమల్లేశ్వర మభయారణ్యముగా నేర్పడెను. అటుపిమ్మట నసలు పరీక్ష వచ్చెను. తెలుఁగుగంగ కాలువ యా పక్షి యునికిపట్టులగుండఁ బోవలసివచ్చెను. ఆ కాలువ విలాసముకొఱకుఁ దలపెట్టినది కాదు. రాయలసీమ చేలకును, నెల్లూరుసీమకును, మద్రాసునగరపు దప్పికకును నీరు గొనిపోవునది. మెట్టసీమలోఁ బుట్టి పెరిగినవాఁడు నీటిని జులకనగా మాటలాడలేఁడు. చెఱువెండినయేఁట మా యూళ్లలో నెద్దుల నమ్ముకొని పట్టణములకుఁ గూలికిఁ బోయినవారి ముఖములను నేను జూచితిని. అట్టి రైతు, "మా గొంతు తడువవలెనా, మీ పిట్ట బ్రదుకవలెనా?" యని యడిగినచో, వానికి దయాధర్మోపన్యాసము చేయువాఁడు మూఢుఁడు. రైతు డేగ, అతని యాఁకలి నిజము.

ఇక్కడనే శిబికథలోని ముఖ్యమైన మాట నాకుఁ గనఁబడినది. శిబి డేగను దిట్టలేదు. నీ యాఁకలి యధర్మమనలేదు. ఆ పూఁటకుఁ బస్తుండు మనలేదు. పొరుగువాని మేఁకను దెచ్చి డేగకు వేయలేదు. ఆఁకలి న్యాయమైనదని యొప్పుకొని, శరణ మిచ్చినవాఁడు తానుగావునఁ దన మాంసమే కోసి యిచ్చెను. ధర్మ మంతయు నిందున్నది. శరణ మిచ్చినవాఁడే వెల చెల్లింపవలెను. మనము నేఁడు తఱుచుగాఁ జేయుచున్న దేమి? పట్టణములో విద్యుద్దీపముక్రింద గూర్చుండి, పక్షిని రక్షింపవలయునని తీర్మానము చేయుదుము. అడవిలో మేఁకలు కాచువానికిఁ ద్రోవ మూయుదుము. కట్టెలమోపు నమ్మి పొట్టపోసికొను స్త్రీని నిలువరింతుము. పుణ్యము మనది, కోఁత వారిది. ఇది పొరుగువాని తొడను గోసి త్రాసులో వేయుట. శిబి పేరు చెప్పుకొనుటకు మనకు హక్కు లేదు.

తెలుఁగుగంగవిషయమునఁ దుదకు జరిగినది మంచిదే. కాలువ దారి మార్పఁబడెను. అందుకు ధనము వ్యయమయ్యెను, కాలము వ్యయమయ్యెను. నీరును బోయెను, పొదలును మిగిలెను. ఆ వ్యయము ప్రజలందఱి బొక్కసమునుండి వచ్చెను. ఒక్క రైతు చేనినుండి కాదు. మాంసము కోసి యిచ్చుట యనఁగా నీకాలమున నిట్టిదే యని నా యభిప్రాయము. వంకరగాఁ బోయిన కాలువ, అధికముగాఁ గట్టిన పన్ను, ఆలస్యముగా నందిన లాభము, మేపునేల పోయినవానికి బదులిచ్చిన నేల, అడవి నెఱిఁగిన వేఁటకానికిఁ గాపరిగా నిచ్చిన జీతము: ఇవి మన దేహమునుండి కోసిన ముక్కలు. వీనికి సిద్ధపడనివాఁడు కలివికోడిని గూర్చి కన్నీరు కార్చుట వ్యర్థము.

ఆ పక్షి యింకను నిశ్చింతగా నున్నదని యెవరును దలంపరాదు. 1986 తరువాతను దానిని జూచినవారు మిక్కిలి కొలఁదిమంది. ముండ్లపొదల మెట్టనేలను మన మూరక "బీడు" అని వ్రాసివేయుదుము. బీడనఁగా నేమియు లేనిదని మన భాషలోని యలవాటు. పశువులకు మేఁత, పిల్లలకుఁ గలివిపండ్లు, పొయ్యికిఁ గట్టెలు, పక్షికి గూఁడు నిచ్చు నేలను నేమియు లేనిదనుట మొదటి యన్యాయము. ఫిజీ పావురమునకుఁ బేరు చచ్చినపిదప వచ్చెను. మనచుట్టునున్నవానికి బ్రదికియుండఁగాఁ బేరిడి, పిల్లలకుఁ జూపుటయైనను గృహస్థులమగు మనము చేయఁదగిన పని. గువ్వకును బావురమునకును భేద మెఱుఁగని బిడ్డ, పెద్దయైనపిదప రెంటిలో నొకటి పోయినను నెఱుఁగఁడు.

మఱునాఁటి యుదయమున మనుమరాలిని బిలిచి, దాని ప్రశ్నకు నాకుఁ దోఁచిన జవాబు చెప్పితిని. పావురము లన్నియు నొకసారిగా వచ్చి యొడిలోఁ బడినచో నొక్క రాజు మాంసము చాలదు. అందుచే నొక్క రాజునకే యా పని విడువరాదు; ఊరివారందఱును దలా నొక ముక్క యీయవలెను; ఉన్నవా రెక్కువ, లేనివారు తక్కువ. అది కొంతసే పాలోచించి, "మఱి మనం ఏమిచ్చాం తాతా?" అని యడిగినది.

ఆ ప్రశ్నకు జవాబు నే నింకను వెదకుచున్నాను. చదువరులును దమ తమ యిండ్లలో వెదకుదురుగాక.